కరెంటు పోయాక ఆట

ఆరు నెలలుగా అమ్మకూ నా భార్యకూ మాటల్లేవు. ఇద్దరూ కలిసి దూకితేనే ముందుకు సాగే వీడియో గేమ్ ఒకటి తెచ్చి టీవీకి తగిలించాను. వారం తిరక్కుండానే ఇంట్లో నవ్వులు వినిపించాయి. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను.

ఈ రాత్రి కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించుకుని హాలు గుమ్మం దాకా వచ్చాను. టీవీ ఆరిపోయి ఉంది. చీకట్లో బటన్ల టకటక మాత్రం ఆగలేదు.

“దూకండత్తయ్యా! ఎన్నిసార్లు పడతారు?”

“నువ్వు తోస్తే పడనూ?”

“కరెంటు లేదుగా, ఏం ఆడుతున్నారు?” అన్నాను.

“ఆ కొవ్వొత్తి ఆర్పెయ్ రా,” అంది అమ్మ ప్రేమగా. “మా ముగ్గురికీ బాగానే కనిపిస్తోంది.”

కొవ్వొత్తి పైకెత్తితే ఆ మూడోవాళ్ళెవరో తెలిసేది. కానీ ఈ మాటలు మళ్ళీ ఆగిపోతే?

దేవుణ్ణి తలుచుకుని కొవ్వొత్తి ఆర్పేశాను.