ఐదు సెకన్లు దాటితే

“నాలుగు!” అన్నాడు బుడ్డోడు, తెర మీద అంకె చూసి.

బుడ్డోడంటే చిన్నపిల్లాడనుకునేరు. నలభై రెండేళ్ళు, ఆరడుగుల మనిషి, ఏ గుమ్మమైనా వంగి దాటాల్సిందే. పరిశోధనశాల నేలమాళిగలో పెద్ద అయస్కాంతం యంత్రాన్ని నడిపేది వాడే. పక్కన కూర్చుని మందు కలుపుతున్నది వాడి బావ. ఆ మందు అక్క కోసం. బావకి భార్య, బుడ్డోడికి తోడబుట్టింది. ఆరు నెలలుగా ఆస్పత్రి మంచం దిగలేదు.

ఆ యంత్రం పని తమాషాగా ఉంటుంది. ట్యూబులో మందు పోసి అయస్కాంతంలోకి దింపి, రేడియో తరంగాల దెబ్బ ఒకటి కొడతారు. అణువులు ఉలిక్కిపడి, మళ్ళీ మెల్లగా సర్దుకుంటాయి. దానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెడతారు. విడివిడిగా గిరగిరా తిరిగే అణువులకి ఎక్కువసేపు పడుతుంది. ముద్దకట్టి బద్ధకంగా దొర్లేవైతే చప్పున సర్దుకుంటాయి.

ముద్దకట్టిన మందు ఎక్కిస్తే అక్క బతకదు. ఐదు సెకన్లు దాటితేనే సూది. ఈ సాయంత్రంలోగా దాటకపోతే, ఇక చేసేదేం లేదన్నారు డాక్టర్లు.

పొద్దున్నే యంత్రానికి చల్లటి ద్రవ నైట్రోజన్ నింపి, ఏసీ చల్లదనం పోకుండా తలుపు బిగించి కూర్చున్నారిద్దరూ. ముద్ద విడగొట్టే రసాయనం బావ ఒక్కో చుక్కా వేస్తాడు. మూత తీసి ట్యూబు కుదుపుతాడు. బుడ్డోడు లెక్క చూస్తాడు.

“నాలుగుంబావు!”

“కుదపడం నీకు బాగా వచ్చు బావా. అక్క నీకు ఇంట్లో పచ్చళ్ళ జాడీలు అప్పజెప్పాల్సింది.”

“నోరు మూసుకుని అంకె చూడరా, తాటిచెట్టూ.”

మరో చుక్క. నాలుగున్నర. మరో చుక్క. నాలుగుముప్పావు.

బావకి నవ్వాగడం లేదు. ఆరు నెలల్లో నవ్వని మనిషి, ట్యూబు చూసి నవ్వుతున్నాడు, చేతిలో మూత చూసి నవ్వుతున్నాడు. బుడ్డోడికి ఆవలింత మీద ఆవలింత. రాత్రుళ్ళు నిద్రలేక అనుకున్నాడు. తల దిమ్ముగా ఉంటే, సంతోషం తలకెక్కిందిలే అనుకున్నాడు.

ఐదు దాటింది.

“గెలిచాం బావా!” అంటూ అక్కకి ఫోను కొట్టాడు బుడ్డోడు. ఆవిడ మంచం పట్టకముందు ఇరవై ఏళ్ళు ఆ యంత్రం మీదే పనిచేసింది. వీళ్ళిద్దరికీ పని నేర్పింది ఆవిడే.

“అక్కా, ఐదుంబావు! నీ మందు బొంగరంలా తిరుగుతోంది!”

 

“ట్యూబులో కలిసిన గాలి తీసేసి చూశారా?” అంది అక్క.

“అంత తీరికెక్కడిది అక్కా! రోజూ ఉండే గాలేగా.”

“మూత తీసి కుదిపారా?”

“చుక్క వేసినప్పుడల్లా.”

“ఆవలిస్తున్నావేంట్రా?”

“నిద్రొస్తోందే. బావ చూడు, నవ్వి నవ్వి బల్లమీద తల వాల్చేశాడు.”

“బావని లేపు. లేపరా!”

“పడుకోనీ అక్కా, పాపం…”

“నైట్రోజన్ ఎప్పుడు నింపారు?”

“పొద్దున. అప్పట్నుంచీ గొట్టం దగ్గర… ఏదో… బుస్సుమంటోంది…”

ఫోను జారి నేలమీద పడింది.

“ఒరేయ్, లే, తలుపు తియ్యి, నైట్రోజన్ కారి గాలిలో ఆక్సిజన్ తగ్గినా ఆ అంకె పెరుగుతుంది, మందు మారలేదురా, మీ గదిలో ఊపిరి అయిపోతోంది!”