ఎండిన గొంతు

కాన్పు గదిలో ఆసియా అనే గర్భిణి నొప్పులు పడుతోంది. నీళ్ల కోసం పక్క గది తాళం తీసిన నర్సు తబీతా గుమ్మంలోనే ఆగిపోయింది. సాయంత్రం నిండుగా ఉన్న పీపాలో బిందెడే మిగిలింది. ఆ టాంజానియా పల్లెకు ట్యాంకరు రావడానికి ఇంకా వారం ఉంది.

"తాళం వేసినట్టే ఉంది. దొంగతనంగా స్నానాలు చేస్తున్నావా తల్లీ?" అంది వెనకే వచ్చిన దనూతతో.

"వాసన చూడండి సిస్టర్, మీకే తెలుస్తుంది!" అంది దనూత. పోలండ్ నుంచి సేవకొచ్చిన పిల్ల. నీళ్ల గది పక్కనే పడుకుంటుంది.

తబీతా నవ్వబోయింది. అంతలో చీకట్లోంచి ఓ ఎండిన గొంతు పిలిచింది.

"హోడీ..."

లోపలికి రావచ్చా అని ఆ ఊళ్లో ఎవరైనా అలాగే అడుగుతారు. జవాబివ్వబోయిన దనూత నోటిని తబీతా చేత్తో మూసింది.

దనూత ఆ చెయ్యి తీసేసింది. "ఇందాక కూడా అడిగారు సిస్టర్. నిద్రలోనే 'కరీబు, రండి' అన్నాను. ఆ మర్యాద నేర్పింది మీరేగా?"

మర్యాద నేర్పింది నిజమే. పిలిచిందెవరో చూసుకుని పలకమని చెప్పడం మాత్రం తబీతాకు తోచలేదు.

"హోడీ..." ఈసారి గుమ్మం అవతలే వినిపించింది. ఊరివాళ్ల యాస కాదు.

"ఎవరు సిస్టర్?"

"నీకు ముందు ఆ మంచం మీద పడుకున్న వాలంటీరు. కలరాతో, నీళ్లు నీళ్లంటూ పోయాడు." తబీతా గొంతు తగ్గించింది. "హెన్రిక్."