చెరపని పేజీ

“సెరపని పేజీ ఒక్కటైనా ఉన్నాదేటి తమ్ముడా? పెన్సిలు గీతలు అలాగే ఉన్న పేజీ?”

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగింది ధనలక్ష్మి. శ్రీకూర్మం నుంచి ఆటోలో శ్రీకాకుళం వచ్చింది. భర్త నరసింగరావు పోయి ఇంకా నెల తిరగలేదు.

జ్ఞానానందం బల్ల ముందునుంచి లేచాడు.

“ఎక్కడో ఉండుండాలక్కా. ఎతుకుతాను,” అన్నాడు.

అబద్ధం. ఒక్కటీ లేదు.

పిల్లల పత్రికలో వచ్చే ‘జీడితోట దెయ్యం’ కామిక్స్‌కి పెన్సిలుతో బొమ్మలు వేసేది నరసింగరావు. వాటి మీద నల్లసిరాతో దిద్దేది జ్ఞానానందం. సిరా ఆరాక కింద ఉన్న పెన్సిలు గీతలన్నీ రబ్బరుతో చెరిపేయాలి. అప్పుడే పేజీ అచ్చుకి పనికొస్తుంది. ఇలా సిరా దిద్దేవాణ్ని ఇంకర్ అంటారు. జ్ఞానానందం జీవితమంతా అదే పని.

“నాను గీస్తాను, నువ్వు సెరుపుతావు. మన కాపరం బాగున్నాదిరా బావమరిదీ!” అని నరసింగరావు నవ్వేవాడు. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. వరస మాత్రం గట్టిగా కలిపేసుకున్నారు.

ఆ నవ్వులాట మాటే ఇప్పుడు జ్ఞానానందాన్ని తినేస్తోంది. అన్నేళ్లు కలిసి పనిచేసి, ఆ మనిషి చేతి గీత ఒక్కటి మిగల్చలేకపోయాడు. చివరిసారి వచ్చిన పేజీలనైనా దాచాడా? అలవాటు కొద్దీ రుద్ది పారేశాడు.

దానికి తోడు ఇంకో పాపం. రెండు మూడేళ్లుగా నరసింగరావు ఇల్లు కదల్లేదు. పేజీలు ధనలక్ష్మే తెచ్చిచ్చేది. “బావని ఓపాలి సూసెళ్తానక్కా” అంటే, “ఆయన ఎవుల్నీ సూడనంటన్నారు” అనేది. జ్ఞానానందం కూడా పట్టుబట్టలేదు. పేజీలు వస్తున్నాయి కదా, మనిషి బాగానే ఉన్నాడనుకున్నాడు. ఎంత తేలిక!

“విజయనగరంలో మీ బావ బొమ్మలు ఎగ్జిబిషను పెడతారంట,” అంది ధనలక్ష్మి. “పెన్సిలు పేజీ దొరికితే అద్దం కట్టించి పెడతామని ఫోను సేసినారు. నీ కాడ ఉంటే ఆళ్లకియ్యకు. ముందు నాకియ్యి. నాను సూసుకోవాల.”

ఆదివారం వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

“సెరిపీసినానని సెప్పీరాదా? ఆయమ్మ నిన్ను కొడతాదేటి?” అంది స్వర్ణ, మొగుడి వాలకం చూసి.

“ఏ మొకం పెట్టుకుని సెప్పమంటావే?”

మర్నాడు పొద్దున్నే గాజుబల్ల కింద లైటు వేశాడు. సిరా దిద్దిన పాత పేజీ ఒకటి దాని మీద పరిచాడు. పైన కొత్త కాగితం వేసి పెన్సిలు పట్టుకున్నాడు.

చెరిపినవాడికి తెలిసినంతగా ఆ గీత ఇంకెవరికి తెలుసు? నరసింగరావు ఒకప్పుడు అచ్చొత్తినట్టు నొక్కి గీసేవాడు. ఈ రెండు మూడేళ్లలో, ముసలితనం మీద పడ్డాక గీత పల్చబడింది. ముందు కాగితమంతా సన్నగా చుక్కలు పెట్టుకుని, వాటిని మెలికలు తిప్పుతూ కలుపుకొచ్చేవాడు. పాపం, చూపు ఆనక అలా చేస్తున్నాడనుకున్నాడు జ్ఞానానందం. ఇప్పుడు తనూ అలాగే చుక్కలు పెట్టాడు, కలిపాడు. నలుపు నింపాల్సిన చోట ఇంటూ గుర్తులు వేశాడు. పాతదనం రావడానికి అరచేత్తో కాస్త మసి చేశాడు.

అచ్చం అదే గీత. చూస్తే తనకే ఒళ్లు జలదరించింది.

“సచ్చిపోయినోడి సంతకం దొంగలించినట్టున్నాది,” అని స్వర్ణ మొహం తిప్పేసుకుంది.

ఆదివారం జ్ఞానానందం చర్చికి వెళ్లలేదు. దొంగసరుకు ఇంట్లో పెట్టుకుని ఏ నోటితో పాటలు పాడతాడు?

ధనలక్ష్మి చెప్పినట్టే వచ్చింది. పేజీ ఆమె చేతిలో పెట్టి, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడ్డాడు. ఆమె చాలాసేపు చూసింది. మొహం పాలిపోయింది. పోల్చేసింది, అయిపోయాననుకున్నాడు.

“అదే,” అంది చివరికి. కళ్లనీళ్లు పెట్టుకుంది. “అదే గీత. మిగిలిపోనాదన్నమాట.”

ఆ కన్నీళ్లు చూసి జ్ఞానానందానికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆమె కాళ్లమీద పడి నిజం చెప్పేద్దామనుకున్నాడు. అంతలో ఆమే అడిగింది.

“ఇలాటియి ఇంకేటైనా ఉన్నాయా? పత్రికోళ్ల కాడ గానీ?”

“లేవక్కా. దేవుని తోడు. మిగతావన్నీ ఈ సేత్తోనే సెరిపీసినాను. నన్ను సెమించక్కా.”

అంత మాట విన్నా ఆమెకి కోపం రాలేదు. పైగా గుండెల మీద బరువేదో దిగినట్టు ఊపిరి వదిలింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. బల్ల దగ్గరికి వెళ్లి కుర్చీ లాక్కుని, పేజీ పరిచింది. పక్కనే ఉన్న రబ్బరు అందుకుని పైనుంచి రుద్దడం మొదలుపెట్టింది.

“అక్కా! ఏటిది? బావ గీత అది!” జ్ఞానానందం చెయ్యి పట్టుకోబోయాడు.

“మీ బావ కుడిసెయ్యి పడిపోయి మూడేళ్లయిపోనాది తమ్ముడా, ఇయి నా గీతలని ఆ విజయనగరంలో ఎవులైనా పోల్చేస్తే ఆయన పేరేటైపోతాది?” అంది ధనలక్ష్మి, చెరుపుతూనే.