చెప్పులు సంచిలో పెట్టు

“పరిగెత్తకు!” జూడీ మెర్లిన్ మణికట్టు పట్టుకుంది. “పరిగెడితే చప్పుడవుద్ది. చప్పుడైతే వచ్చీస్తాయి.”

మెర్లిన్ కీబోర్డు మీంచి వేళ్లు తీసేసింది. తెర మీద పాడుబడ్డ ఆసుపత్రి వరండా. ఆ చివర మూడు జాంబీలు గోడకి తలలు ఆన్చి ఊగుతున్నాయి.

“చెప్పులు సంచిలో పెట్టినావా?”

“ఎన్నిసార్లు అడుగుతావక్కా? పెట్టాను.”

“అదే అన్నిటికన్నా ముందు. బయట వదిలీసినావనుకో, సుపేలా బజారుకొచ్చిన మనోళ్లంతా చూస్తారు.”

భిలాయ్ సుపేలా బజారులోని సుబ్బు నెట్ సెంటర్లో, దుమ్ము పడుతుందని అందరూ చెప్పులు మెట్ల దగ్గరే విడిచి రావాలి. పిన్ని కూతురు జూడీ ఏడాదిగా ఆడుతోంది. మెర్లిన్‌కి ఇదే మొదటిరోజు. ఇంట్లో లెక్కల ట్యూషనని చెప్పి వచ్చింది. ఆ కొట్టు మెట్లెక్కినట్టు తెలిస్తే మర్నాడే బొబ్బిలి హాస్టల్లో పడేస్తానని అమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి మరీ చెప్పింది. అమ్మ డోర్కాస్ అన్నంత పనీ చేసే మనిషి.

“తూటాలు తక్కువున్నాయి. ఒక్కటే ఎదురైతే కాల్చకు, పక్కనుంచి తప్పుకో. ఏ గదిలోకెళ్లినా ముందు రెండో తలుపు ఎక్కడుందో చూడు. ఇక్కడా అంతే. జనరేటర్ పక్కన తలుపుంది, సందులోకి పోతాది.”

“మనతో ఉన్న ఆ మూడోవాడెవరు?”

“ఆరో క్యాబిన్‌లో ఎవడో. పేరు ‘నయా’ అని, కొత్తోడని పెట్టుకున్నాడు. వారం నుంచి వస్తన్నాడంట. నీకన్నా మొద్దు. చూడు, చూడు!”

నయా బొమ్మ గది గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి పోదు, తలుపు మూయదు. తెర అడుగున హిందీ మాటలు ఒక్కో అక్షరమే పడ్డాయి. ‘సబ్ ఆ గయే?’

“అందరూ వచ్చారా అంట! మనుషుల్ని లెక్కెట్టుకోందే తలుపు వెయ్యడు. ఇదేటి, స్టీలు ప్లాంటు గేటా?” జూడీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంతలో పైకప్పు నుంచి ఏదో మెర్లిన్ బొమ్మ మీద పడింది. తెరంతా ఎర్రబడిపోయింది.

“నాన్నా!” అని కేక పెట్టింది మెర్లిన్.

“చుప్! పాగలా? ఆట్లో పడితే మాత్రం నిజంగా అరుస్తావేటే?” జూడీ తొడపాశం పెట్టింది.

ఆరో క్యాబిన్‌లో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. రెండు క్షణాల తరవాత, గుమ్మంలో ఉన్న నయా వెనక్కి తిరిగాడు. వరండా మధ్యకొచ్చి గాల్లోకి కాల్చడం మొదలెట్టాడు.

“తూటాలన్నీ తగలేస్తన్నాడు వెధవ...” అంటూనే జూడీ ఆగింది. మెర్లిన్ మీదున్నదీ, గోడ దగ్గరున్నవీ, అన్నీ అతనివైపు తిరిగాయి. “ఓలమ్మా! వాడే ఎరగా నిలబడ్డాడే. నువ్వు లే, గదిలోకి పద, జల్దీ!”

మెర్లిన్ బొమ్మ కుంటుకుంటూ గుమ్మం దాటింది. అప్పుడే మెట్ల వైపు నుంచి గొంతు వినబడింది.

“సుబ్బూ! లోపలెవరెవరున్నారు?”

అమ్మ.

జనరేటర్ పక్కనున్న వెనకవైపు తలుపు హాలుకి ఆ చివర ఉంది. అమ్మ కళ్లముందు నుంచే పోవాలి.

“ఆంటీజీ, చెప్పులు బయట...” అన్నాడు సుబ్బు.

“చెప్పులు చేతిలోకొస్తాయి, ఆగు! బయట చూసుకునే వచ్చినాను. ఎవరివో నాకు తెల్దనుకున్నావా?”

మెర్లిన్ సంచిలో చెయ్యి పెట్టి తడుముకుంది. రెండు చెప్పులూ ఉన్నాయి. జూడీ వైపు చూసింది. జూడీ తన సంచి తెరిచి చూపించింది. ఆమెవీ ఉన్నాయి. మరి అమ్మ చూసినవి ఎవరివి?

మొదటి క్యాబిన్ కర్టెన్ సర్రుమంది. “నువ్వు కాదు బాబూ, కూచో.” రెండోది సర్రుమంది. కూరల సంచిలోంచి కొత్తిమీర వాసన దగ్గరికొచ్చింది. ఇంత గొడవలోనూ ఆరో క్యాబిన్‌లో ఎవరో ఒంటివేలితో టక్ టక్‌మని కొడుతూనే ఉన్నారు. తామున్న మూడో క్యాబిన్ కర్టెన్ కింద అమ్మ పాదాలు కనబడ్డాయి. కర్టెన్ అంచు మీద అమ్మ వేళ్లు పడ్డాయి. మెర్లిన్ కళ్లు మూసుకుంది.

“ఇక్కడున్నాను, డోర్కాస్.”

వేళ్లు కర్టెన్ వదిలేశాయి.

మెర్లిన్ కర్టెన్ సందులోంచి చూసింది. ఆరో క్యాబిన్ ముందు, ప్లాంటు యూనిఫాంలో, ఉత్త మేజోళ్లతో నాన్న బాలశౌరి నిలబడి ఉన్నాడు.

“ఏటయ్యా ఇది? రెండింటికే షిఫ్టు దిగిపోయి, రోజూ యూనియన్ మీటింగ్ అన్నావు. మీటింగ్ ఇక్కడెట్టినారా? నీ సేఫ్టీ షూకి లేసు తెగితే పిల్లదాని రిబ్బను కట్టింది నేనే. భిలాయ్ మొత్తానికి ఎర్ర రిబ్బను కట్టిన షూ ఇంకెవడిది?”

“నువ్వరిస్తే నేనరవలేననుకున్నావా? బయటికి రా, చెప్తాను!” నాన్న అంతకన్నా గట్టిగా అరిచి, అమ్మ రెక్క పట్టుకుని మెట్లవైపు నడిచాడు. ఇంట్లో నాన్న గొంతు పెంచగా మెర్లిన్ ఎప్పుడూ వినలేదు.

“మెర్లినూ, ఇటు చూడు,” అంది జూడీ, గొంతు తగ్గించి.

తెర మీద నయా కదలకుండా నిలబడి ఉన్నాడు. జాంబీలు అతన్ని చుట్టేశాయి. అడుగున ఒక వరస. ఈసారి హిందీ కాదు, తెలుగు.

‘మెర్లినమ్మా, మీ అమ్మని ముందు తలుపుకి నేను లాక్కుపోతాను. నువ్వు వెనకనుంచి పరిగెత్తు.’