లడ్డూ లేని క్రాపు

"లడ్డూ ఏదే? అంతా ఒక్కదానివే తిన్నవా?"

సోమవారం పొద్దున హైటెక్ సిటీ ఆఫీసులో లిఫ్టు దిగీ దిగగానే పక్క సీటు హర్షిణి చెయ్యి చాచింది. రూబీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

"మేం చర్చికి వెళ్తామే తల్లీ."

"అయితే ఏంది? మొక్కు మొక్కే. నీ నెత్తి చూస్తే తెలుస్తలేదా?"

నిన్నటిదాకా వీపు మీద పడిన జుట్టు ఇవాళ చెవుల పైకి వచ్చేసిందంటే, ఆడపిల్ల విషయంలో ఈ ఊరికి తెలిసిన కారణం ఒక్కటే. తిరుపతి.

అసలు సంగతి వేరు. రూబీది పుట్టుకతో ఉంగరాల జుట్టు. తెనాలిలో ఇంటర్ చదివేటప్పటి నుంచీ పార్లర్‌లో మందు పెట్టించి, ఇస్త్రీ చేసినట్టు సాపు చేయించుకునేది. కళ్లు మండేవి. మాడు మండేది. అందం కావాలంటే ఓర్చుకోవాలన్నారు, ఓర్చుకుంది. చివరికి జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా రావడం మొదలైంది. ఇక చాలు బాబోయ్ అని మానేసింది. మానేస్తే పైనంతా ఉంగరాలు, కిందంతా చీపురు. ఏడాదిపాటు ఆ అవతారంతో వేగి, నిన్న సాయంత్రం కొత్తగూడ పార్లర్‌లో ఆ చీపురంతా కోయించి పారేసింది.

ఇప్పుడు అవిసె గింజలు ఉడికించి ఆ జిగురు రాసుకుంటుంది. తువ్వాలుతో రుద్దదు, పాత బనీనుతో అద్దుతుంది. తడి మీదే వేళ్లతో చిక్కు తీస్తుంది. అద్దంలో చూసుకుంటే, ఎప్పుడో పోగొట్టుకున్న తన మొహం తనకి దొరికినట్టుంది. ఎంత సంతోషమో చెప్పలేం.

ఆ సంతోషం వచ్చే ఆదివారం దాకానే.

ఆ ఆదివారం చర్చిలో రూబీకీ, రాబిన్‌కీ పెళ్లి ప్రకటన చదవాలి. సంఘం ముందు ప్రకటన చదవకుండా అక్కడ పెళ్లి జరగదు. ఆరాధన అయిపోయింది. ప్రకటన చదవలేదు. సంఘ పెద్ద ఇస్సాకు ఆమెని పక్క గదిలోకి పిలిపించాడు. ఆయన రాబిన్ తండ్రి కూడా. పక్కన ఆయన భార్య సువార్తమ్మ కూర్చుంది. గోడకి ఆనుకుని రాబిన్ నిలబడ్డాడు.

"కూసో బిడ్డా," అన్నాడు ఇస్సాకు. "సంఘంల నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు. తిరుపతి పోయొచ్చినవా?"

రూబీ రాబిన్ వైపు చూసింది. పార్లర్‌కి బండి మీద దింపింది అతనే. పనయ్యేదాకా బయట టీ తాగుతూ కూర్చున్నదీ అతనే. రాబిన్ కర్చీఫ్ తీసి నెత్తి తుడుచుకున్నాడు.

"జుట్టు కత్తిరించుకున్నానండి," అంది రూబీ.

"అది కనబడుతనే ఉంది. ఎందుకు?"

"నా జుట్టు గనక."

సువార్తమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. "గట్ల అడ్డం మాట్లాడకు. మొన్న ఆఫీసుల టీముకి టీమునే తీసేసిన్రు. నా కొడుకు కొలువు ఒక్కటే నిలబడ్డది. ఉపవాసముండి చేసిన ప్రార్థన అది. గసుంటి ఇంటికి కోడలివై వస్తున్నవు, యాదుంచుకో."

"అమ్మా, ఇగ చాలు," అన్నాడు రాబిన్.

ఇస్సాకు గొంతు తగ్గించాడు. "ఒక్క మాట బిడ్డా. తిరుపతి పోలేదని సంఘం ముందల నిలబడి చెప్పు. వెంటనే ప్రకటన చదివిస్త."

ఒక్క మాట. నిజమైన మాటే. చెప్పేస్తే పెళ్లి జరిగిపోతుంది. రాబిన్ అంటే ఆమెకి ప్రాణం. కానీ ఇవాళ జుట్టుకి సంజాయిషీ, రేపు జాకెట్టుకి, ఎల్లుండి జీతానికి. ఒకసారి అలవాటు చేస్తే ఇక అంతే సంగతులు.

"చెప్పనండి."

"ఏందీ?"

"ఈ గదిలో ఎవర్నీ అడగనిది నన్నొక్కదాన్నే అడుగుతున్నారు. అందర్నీ అడగండి. అప్పుడు నేనూ చెప్తాను."

"మా నెత్తులకేమైంది?" సువార్తమ్మ కస్సుమంది.

రాబిన్ ఆమెని వరండాలోకి తీసుకొచ్చాడు. "జర చెప్పేయ్ రూబీ. వెళ్లలేదని. నీకేం పోతుంది?"

"నాకేం పోదు. నువ్వు చెప్పు."

"నేనా?"

"నీకు తెలిసింది నువ్వు చెప్పు. నువ్వు నోరు విప్పేదాకా నేను విప్పను. ప్రకటన ఆగితే ఆగనీ. అవసరానికి నోరు పెగలని మనిషితో కాపురం ఎలా చేస్తాను?"

రాబిన్ కర్చీఫుతో మళ్లీ నెత్తి తుడుచుకున్నాడు. రూబీ తిరిగి గదిలోకి వచ్చింది. వెనకే వచ్చి అతను గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఏమంటవు బిడ్డా?" అన్నాడు ఇస్సాకు.

"చెప్పనన్నాను కదండీ."

"అయితే ఈ సంబంధం ఇంతటితోని సరి," అని ఆయన లేచాడు.

రూబీ కూడా లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఏడుపొస్తోంది. అయినా తల దించలేదు. ఉంగరాల్ని వేళ్లతో ఒకసారి పైకి ఎగదోసుకుని బయటికి నడవబోయింది.

రాబిన్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. చూపు మాత్రం తండ్రి మీద ఉంది.

"కొలువు మొక్కుకు తిరుపతి పోయి గుండు కొట్టించుకొచ్చింది నేను డాడీ, నెల సంది మీ కండ్ల ముందే తిరుగుతున్న, ఎందుకురా అని ఒక్కరన్న అడిగిన్రా?"