కొండ కనబడే ఇల్లు

గరాజ్‌లో పేర్చిన నీళ్ళ క్యాన్ల మీద పాత దుప్పటి కప్పి, ఫణి వంటింట్లోకి వచ్చాడు.

"ఇల్లు చూసేవాళ్ళు బయల్దేరారట. ఈసారైనా కాస్త నోరు కట్టేసుకో త్రివేణీ."

"నేను చెప్పేస్తాను. ఆ అమ్మాయి కడుపుతో ఉందట."

"కిందటిసారీ అంతే. బోరు నీళ్ళలో యురేనియం ఉందని నువ్వన్నావు, ఆ వచ్చినవాళ్ళు షూస్ వేసుకుని వెళ్ళిపోయారు. రిమోట్ తీసేశారు, వచ్చే నెలకల్లా నేను కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ ఆఫీస్‌లో లేకపోతే జాబ్ పోతుంది, దాంతో వీసా పోతుంది. ఈ ఇల్లు అమ్ముడవకుండా అక్కడ రెంట్ ఎలా కడతాం? ఇషాను ఇంకెన్నాళ్ళు ఇక్కడ పెట్టుకుంటాం?"

మూడేళ్ళ ఇషా కిడ్నీల మీద ఓ కన్నేసి ఉంచాలని డాక్టర్ చెప్పినప్పటి నుంచి త్రివేణికి కంటి మీద కునుకు లేదు. రిమోట్ ఉద్యోగమే కదా, ఎక్కడుంటే ఏమని కొలరాడోలోని ఈ చిన్న ఊళ్ళో, ఎర్రకొండ కనబడుతుందని ముచ్చటపడి ఈ ఇల్లు కొన్నారు. కొండ అవతల ఎప్పుడో మూసేసిన యురేనియం గని ఉందనీ, దాని మురికి నేలలోకి దిగి తమ బోరులో చేరుతోందనీ తెలిసేసరికి ఇషా నడుస్తోంది. కడుపుతోనే ఈ ఇంట్లో దిగి త్రివేణి ఆ నీళ్ళే తాగింది.

"మనకి ఈ ఇల్లు అమ్మిన పద్మగారు చెప్పారా?" అన్నాడు ఫణి.

"ఆవిడకి తెలిస్తే కదా చెప్పడానికి." త్రివేణికి కోపం వచ్చింది. "ఇల్లు చూడ్డానికి వచ్చినరోజు, వేవిళ్ళతో నీరసంగా ఉండి నేను మంచినీళ్ళడిగాను. 'నీళ్ళెందుకమ్మా, కొబ్బరినీళ్ళు తాగు' అని డబ్బా తెరిచి చేతిలో పెట్టారు. సొంత అక్క కూడా అంత చూడదు. అలాంటి మనిషి తెలిసి తెలిసి గోతిలోకి తోస్తారా?"

పద్మ మీద మాట పడితే త్రివేణి ఊరుకోదని ఫణికి తెలుసు. ఆ అభిమానం ఎంతంటే, స్టోర్‌లో కొబ్బరినీళ్ళు కనబడితే చాలు, ఓ రెండు డబ్బాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటుంది.

బెల్ మోగింది.

అనీష్, నమ్రత చెప్పులు గుమ్మం బయటే విప్పి లోపలికొచ్చారు. అనీష్‌కి బేస్‌మెంట్ చూపించడానికి ఫణి కిందికి తీసుకెళ్ళాడు. నమ్రత పొట్ట మీద చెయ్యి వేసుకుని, వంటింటి కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"ఈ వ్యూ ఎంత బావుందక్కా. ఫొటోలు చూసి నిన్ననే ఫిక్స్ అయిపోయాం. తెలుగువాళ్ళ ఇల్లే కదా, వాటర్ టెస్టులూ అవీ ఎందుకు, ఏదైనా ప్రాబ్లమ్ ఉంటే వాళ్ళే చెప్తారన్నాడు అనీష్."

సరిగ్గా ఈ మాటే ఆనాడు ఫణి అన్నాడు. ఇక చెప్పేయాలి.

"నమ్రతా, నీకొక మాట..."

ఇషా పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ళకు చుట్టుకుంది. "అమ్మా, మనం ఫ్రీమాంట్ వెల్తున్నామా?"

త్రివేణి పిల్ల తల మీద చెయ్యి వేసింది. దాని కళ్ళ కింద వాపు ఇవాళ కూడా తగ్గలేదు.

"ఏంటక్కా?" అంది నమ్రత.

"ఏం లేదు. ఈ కిటికీలోంచి పొద్దుటెండ బాగా వస్తుంది."

"అవునా? దాహంగా ఉందక్కా, కొంచెం మంచినీళ్ళు తాగుతా." చొరవగా స్టాండ్‌లోంచి గ్లాసు తీసి నమ్రత కుళాయి కింద పెట్టబోయింది.

త్రివేణి ఒక్క అంగలో వెళ్ళి ఆ గ్లాసు లాక్కుంది. నమ్రత తెల్లబోయి చూసింది. త్రివేణి ఆమె వైపు చూడకుండా ఫ్రిజ్ తెరిచింది.

"నీళ్ళెందుకమ్మా, కొబ్బరినీళ్ళు తాగు."