కుయ్యిమనే డబ్బా

తమ్ముడూ బీరప్పా, నామీద కేసు రాసినారురా! సంతోషం పట్టలేక కుప్పం చేరకముందే ఈ కార్డు రాస్తాండాను.

మదనపల్లె మార్కెట్లో టమోటా దింపి ఖాళీ వ్యానుతో వస్తాంటే, పుంగనూరు దగ్గర ఎస్సైయమ్మ ఆపింది. పోలీసోళ్ల స్పీడు గన్ను దగ్గరుంటే కుయ్యిమని అరిచే రాడార్ డిటెక్టర్ నా వ్యానులో ఉండాది కదా, దాన్ని సూసేసింది.

"అప్పా, ఇది పెట్టుకోకూడదు. దిగు."

"యాల దిగల్లమ్మా? మీరు గన్ను పెట్టి సూస్తే న్యాయం, నేను డబ్బా పెట్టి వింటే నేరమా? ఏ చట్టంలో రాసుండాదో సూపించు!"

జనం గుంపు కూడినారు. నేను తగ్గలేదు.

"చట్టం సంగతి కోర్టులో అడుగప్పా. అందాకా డబ్బా మా దగ్గరుంటాది. స్పీడుగా వచ్చినదానికి మాత్రం ఇప్పుడే కేసు."

"పెద్దాయన, వదిలేద్దాం మేడం," అని కానిస్టేబులు గొణిగినాడు. ఆయమ్మ తల ఊపలేదు. వాడు పెన్ను తీసి నా పేరడిగినాడు.

"మీ మేడంనే అడుగు. ఇంటిపేరుతో సహా చెప్తాది!" అన్నా.

మన పక్క ఎవరినైనా అప్పా అనే అంటారు కదా, వాడికేం తెలుసు! మన బిడ్డ అమరావతి ఎస్సైగా డ్యూటీలో చేరి నాలుగు దినాలేరా. కన్న అప్పనే వదల్లేదు! డబ్బా కోసం కోర్టులో కొట్లాడతా, అది వేరే.

ఆడబిడ్డ పోలీసైతే అయినోళ్లందరినీ వదిలేస్తాదని నవ్విన సోమల మామకు చెప్పు. శాంతిపురం పెద్దమ్మకు, మదనపల్లె చిన్నత్తకు చెప్పు. లైసెన్సు లేకుండా పుంగనూరులో తిరిగే నీ బామ్మర్దికి అందరికంటే ముందు చెప్పు.